‘నాకు రాదు, నువ్వే వెయ్యి’ అంటున్న నాలుగున్నరేళ్ల పిల్లాడితో ఏం చేయాలి?

అడిగిన ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. పోయిన ఏడాది వరకు గోడలన్నీ గీసేవాడు. ఎల్‌కేజీలో చేరాక కాగితం ఇస్తే ‘నాకు రాదు, నువ్వే వెయ్యి’ అంటున్నాడు. రంగు గీత దాటిపోతోందని టీచర్ డైరీలో రాశారు. సూర్యుడికి ఊదా రంగు వేస్తాడు. మనిషిని వేస్తే తలలోంచే కాళ్లు వస్తాయి. పక్క ఫ్లాట్‌లో అదే వయసు పాప ఇల్లు, కొండలు, ఆపిల్ చక్కగా వేస్తుంది. వీడికి క్రియేటివిటీ లేదా? డ్రాయింగ్ క్లాసులో చేర్చాలా? టెన్షన్‌గా ఉంది.

అమ్మా, మీరు రాసినవాటిలో మూడింటి గురించి అసలు బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఊదా రంగు సూర్యుడు, తలలోంచి కాళ్లు వచ్చే మనిషి, గీత దాటే రంగు. ఈ వయసు పిల్లల దగ్గర ఇవి ఉండేవే, ఉండాల్సినవే. నాలుగోది వేరు. నిన్నమొన్నటి దాకా గోడలు నింపిన పిల్లాడు ఇవాళ ‘నాకు రాదు’ అంటున్నాడు. ఆ మాట చదివాకే ఇంత వివరంగా రాయాలని కూర్చున్నాను.

నేను ఇరవై ఏడేళ్లుగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో పనిచేస్తున్నాను. మొదట అంగన్‌వాడీలో, తరువాత ఒక చిన్న ప్రీస్కూల్లో, ఇప్పుడు టీచర్లకు శిక్షణ ఇస్తూ. ‘నాకు గీయడం రాదు’ అనే రెండేళ్ల పిల్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు. నాలుగు, ఐదేళ్లకు వచ్చేసరికి తరగతిలో ఐదారుగురు అంటారు. పుట్టుకతో లేని ఆ మాట మధ్యలో ఎలా వచ్చిందో తెలిస్తే, ఎలా పోగొట్టాలో కూడా తెలుస్తుంది.

ముందు వాడు గోడ మీద ఏం చేశాడో చెప్తాను. మనం పిచ్చిగీతలు అంటాం కానీ వాటికి ఒక వరస ఉంటుంది. ఏడాదిన్నర పిల్లాడు క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుని భుజం నుంచి చెయ్యి మొత్తం ఊపుతాడు. కాగితం మీద ఏదో పడుతుంది. ‘నేను చెయ్యి ఊపితే ఇది వచ్చింది’ అని తెలిసిన క్షణాన వాడి మొహం చూడాలి. రెండేళ్లకు అటూ ఇటూ, కిందికీ పైకీ గీతలు వస్తాయి. తరువాత సుడులు సుడులుగా చుడతాడు. మూడేళ్ల దగ్గర ఒకరోజు ఆ సుడి ఒక్క చుట్టుతో ఆగి, మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. అది సున్నా. దానికి లోపల, బయట అని రెండు చోట్లుంటాయి. అందులో రెండు చుక్కలు పెడితే అది ఎవరో ఒకరు అవుతుంది. పిల్లల జీవితంలో మొదటి అడుగు ఎంతటిదో ఆ మొదటి సున్నా కూడా అంతటిదేనని నేను నమ్ముతాను. అడుగుకు ఫొటోలు తీస్తాం, సున్నాను తడిగుడ్డతో తుడిచేస్తాం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చిన్నపిల్లల బడులు నడిపిన రోడా కెల్లాగ్ అనే ఆవిడ లక్షల కొద్దీ పిల్లల బొమ్మలు పోగుచేసి పరిశీలించారు. ఆవిడ ఇరవై రకాల మూలగీతలను గుర్తించారు. వేర్వేరు దేశాల పిల్లల బొమ్మల్లో కూడా అవే గీతలు, అదే వరస కనిపించాయి. గీతలు కలిసి ఆకారాలవుతాయి, సున్నాలో అడ్డంగా నిలువుగా గీతలు పడతాయి. అలాంటి బొమ్మకు ఆవిడ మన మాటనే తీసుకుని ‘మండలం’ అని పేరు పెట్టారు. మన వాకిట్లో ముగ్గు చూస్తూ పెరిగిన వాళ్లకు ఆ ఆకారం కొత్తేమీ కాదు. తరువాత ఆ సున్నా చుట్టూ కిరణాలు మొలిచి సూర్యుడవుతుంది. ఆ కిరణాల్లో కిందివి రెండు పొడుగై కాళ్లవుతాయి, పక్కవి రెండు చేతులవుతాయి. మీవాడి మనిషి అలా పుట్టినవాడే. మెడ, పొట్ట వేయడం వాడు మరిచిపోలేదు. ఇంకా అక్కడికి రాలేదు, అంతే. ఐదు, ఆరేళ్ల మధ్య ఎవరూ చెప్పకుండానే ఆ తల కింద పొట్ట వస్తుంది.

ఇంకో సంగతి. ఈ వయసు పిల్లలు కంటికి కనిపించేది వేయరు, తమకు తెలిసింది వేస్తారు. ఫ్రాన్స్‌లో లూకే అనే ఆయన తన కూతురు బొమ్మలను ఏళ్ల తరబడి దాచి, గమనించి 1913లోనే ఈ మాట చెప్పారు. 1972లో ఫ్రీమన్, జానికూన్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల ముందు ఒక కప్పు పెట్టారు. దాని పిడి వెనక్కి తిరిగి ఉంది, కనిపించదు. ముందువైపు ఒక పువ్వు బొమ్మ కనిపిస్తోంది. చిన్నపిల్లల్లో ఎక్కువమంది కనిపించని పిడిని వేశారు, కనిపిస్తున్న పువ్వును వదిలేశారు. కప్పు అంటే పిడి ఉండాలి కదా! అందుకే బస్సు బొమ్మలో గోడలోంచి మనుషులు కనిపిస్తారు, అమ్మ బొమ్మలో పొట్టలోని చెల్లి కనిపిస్తుంది. మీవాడి బొమ్మల్లో అలాంటివి ఉంటే దిద్దకండి. వాడికి ఏం తెలుసో అందులో రాసి ఉంటుంది.

రంగు సంగతి ఇంకా తేలిక. వస్తువుకూ దాని రంగుకూ ముడిపెట్టి వేయడం సుమారు ఏడేళ్ల దగ్గర స్థిరపడుతుందని, అంతకుముందు పిల్లలు నచ్చిన రంగో, చేతికందిన రంగో వాడతారని పిల్లల చిత్రకళ మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ చెప్పారు. నా అనుభవమూ అదే. ‘సూర్యుడు ఏ రంగు?’ అని అడిగితే పసుపు అని ఠక్కున చెప్పే పిల్లే ఊదా రంగు వేస్తుంది. తెలియక కాదు, ఊదా క్రేయాన్ మీద ఇష్టంతో. నల్లరంగు వాడితే పిల్లలు బాధలో ఉన్నట్టు అని కొందరు చెప్తుంటారు, అది కూడా పట్టించుకోకండి. మా బడిలో ఒక పాప కాగితం మొత్తం నల్లగా నింపింది. నేనేమీ అనకుండా పక్కన కూర్చున్నాను. కాసేపటికి తనే చెప్పింది: ‘కరెంటు పోయింది టీచర్. లోపల తమ్ముడున్నాడు, ఏడుస్తున్నాడు.’ నేను ముందే ‘నలుపెందుకమ్మా, వేరే రంగు తీసుకో’ అని ఉంటే ఆ తమ్ముడి సంగతి నాకు తెలిసేదే కాదు.

ఇక గీత దాటడం. అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే అక్కడ ఒక్క ఎముక కూడా కనిపించదు, అంతా మృదులాస్థే. ఎనిమిది చిన్న ఎముకలు ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. చివరిది కనిపించేసరికి తొమ్మిది నుంచి పన్నెండేళ్లు వస్తాయి. ఎముకలతో పాటు వేళ్ల కండరాలకు పట్టు రావాలి, కన్ను చెప్పినట్టు చెయ్యి ఆగడం అలవాటు కావాలి. నాలుగున్నరేళ్ల చేతిని ‘గీత దాటకు’ అనడం తొందరపాటు. పైగా మన పిల్లల చేతికి ఇచ్చే స్కెచ్ పెన్నులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఇప్పుడే చెప్పేస్తాను, వాటిని కొన్నాళ్లు దాచేయండి. లావు క్రేయాన్లు కొని ఒక్కొక్కదాన్ని రెండు ముక్కలు చేసి ఇవ్వండి. చిన్న ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు. వేళ్లు వాటంతటవే ముందుకొస్తాయి. మన పెద్దవాళ్లు పలకతో పాటు చిన్న బలపం ముక్క ఇచ్చేవారు. అది ఎంత మంచి సాధనమో నాకు ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

నేను పనిలో చేరిన కొత్తలో నల్లబల్ల మీద మామిడిపండు గీసి, పిల్లలందరితో అదే వేయించేదాన్ని. అలాగే చేయాలని అనుకునేదాన్ని. ఒక పిల్లాడు ఉండేవాడు. వాళ్ల అమ్మ బోరింగు దగ్గర నీళ్లు కొట్టడం, బిందె నడుమున పెట్టుకోవడం, కుక్క వెంట రావడం, అన్నీ పలక మీద వేసేవాడు. వేస్తూ కథ చెప్పేవాడు. నా మామిడిపండు మొదలయ్యాక రెండు నెలలకు వాడి పలక మీద మామిడిపండు తప్ప ఏమీ లేదు. ‘బోరింగు వెయ్యి నాన్నా’ అంటే, ‘మీరు వేసి చూపించండి టీచర్’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. వాడి చేతిలో ఉన్నదాన్ని నేనే తీసేసుకున్నాను. మీ బాబు మీతో అంటున్నదీ అచ్చంగా ఆ మాటే. ఎవరి తప్పూ అని కాదు. మనమందరం ప్రేమతోనే చేస్తాం. పిల్లాడు అడగగానే చిలకను గీసిపెడతాం. అది చూసి వాడికి ఒకటే అర్థమవుతుంది, చిలక అంటే ఇలా ఉండాలి, నా చెయ్యి ఇలా వేయలేదు అని.

2011లో ఎలిజబెత్ బోనావిట్జ్, ఆమె తోటి పరిశోధకులు నాలుగైదేళ్ల పిల్లల మీద చేసిన ఒక ప్రయోగం నాకు ఈ సంగతిని బాగా విప్పి చెప్పింది. ఒక కొత్త ఆటబొమ్మ. అందులో నాలుగు తమాషాలు దాగి ఉన్నాయి. ఒకచోట లాగితే కీచుమంటుంది, ఒకచోట లైటు వెలుగుతుంది, ఒకచోట సంగీతం వస్తుంది, ఒకచోట అద్దం ఉంటుంది. కొంతమంది పిల్లలకు పెద్దవాళ్లు ‘ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తాను’ అని కీచుమనేదాన్ని మాత్రం చూపించారు. ఇంకొంతమంది దగ్గర అదేదో పొరపాటున తగిలినట్టు చేశారు. నేర్పించినట్టు చూపించిన పిల్లలు ఎక్కువగా ఆ ఒక్కదానితోనే ఆడి తొందరగా వదిలేశారు. మిగతావాళ్లు ఇంకా వెతికారు, ఇంకా కనిపెట్టారు. పెద్దవాళ్లు చూపించారంటే చూడాల్సింది అంతేనని పిల్లలు నమ్ముతారు. వాళ్లు మనల్ని అంతగా నమ్ముతారు కాబట్టే మనం జాగ్రత్తగా ఉండాలి.

పక్క ఫ్లాట్ పాప వేస్తున్న బొమ్మ మీకూ నాకూ తెలిసిందే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన పెంకుటిల్లు, ఒక కొబ్బరిచెట్టు. మన తరం అంతా వేసిన ‘సీనరీ’. కొండ అన్నదే కంటికి కనిపించని కోనసీమ ఊళ్లలో కూడా పిల్లలు ఆ రెండు కొండలే వేస్తారు. తమ పెరట్లో ఉన్న బోదెను, దానిమీద తాటి దుంగను వేయరు. ఆ పాపను నేనేమీ తక్కువ చేయడం లేదు. ఆ బొమ్మ వేస్తే ఆమెకు సంతోషంగా ఉండొచ్చు, చేతికి పట్టు కూడా బాగా వచ్చి ఉండొచ్చు. కానీ అది నేర్చుకున్న పద్యం అప్పజెప్పడం లాంటిది. దానితో మీవాడి బొమ్మను పోల్చకండి, ముఖ్యంగా వాడు వింటుండగా.

సరే, ‘నువ్వే వెయ్యి’ అన్నప్పుడు ఏం చేయాలి? వేయకండి. ‘నీకు వచ్చు, ట్రై చెయ్యి’ అని కూడా అనకండి. రాదని వాడు చెప్తుంటే వచ్చని మనం అనడం, వాడి మాట వినకపోవడమే. దాని బదులు వాడు వేయాలనుకున్న వస్తువు గురించి మాట్లాడండి. ఆవు కావాలన్నాడనుకోండి. ‘అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆవును చూశావు కదా. దాని దగ్గరికి వెళ్తే ఏం చేసింది?’ అని అడగండి. ‘తోకతో కొట్టింది’ అంటాడు. ‘ఎలా కొట్టింది, చేత్తో చూపించు’ అనండి. చేతిని గాల్లో విసురుతాడు. ‘అబ్బో, అంత పొడుగుందా! ఆ తోకను ఇక్కడ వెయ్యి’ అని నేల మీద పెద్ద కాగితం చూపించండి. వాడు ఇప్పుడే గాల్లో గీసిన గీతనే కాగితం మీద గీస్తాడు. అదొక్కటే వచ్చి, ఆవు రాకపోయినా ఫర్వాలేదు. ఆ తోక వాడిది. రేపు కొమ్ముల గురించి మాట్లాడుకోవచ్చు. ఒకోసారి నాలుగు కాళ్ల మీద ఆవులా నడిపించండి. కాళ్లెన్ని, పొట్ట ఎక్కడ, తల ఎంత కిందికి వంగుతుంది అనేది ఒంటికి తెలిశాక చేతికి తేలికవుతుంది. ఊహ అనేది చూసినవాటి నుంచి, చేసినవాటి నుంచే తయారవుతుందని, అనుభవం ఎంత ఎక్కువుంటే ఊహకు అంత సరుకు ఉంటుందని రష్యా మనస్తత్వవేత్త వైగాట్స్కీ 1930ల నాటికే రాశారు. పిల్లల క్రియేటివిటీ పెంచాలని డబ్బు ఖర్చు పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే, ముందు వాణ్ని కూరగాయల మార్కెట్‌కు తీసుకెళ్లండి.

మీవాడు ఇప్పుడు కాగితం అంటేనే వెనక్కి తగ్గుతున్నాడు కాబట్టి రెండు మూడు వారాలు కాగితాన్ని పక్కన పెట్టేయండి. ‘తప్పు’ అన్నది లేని పనులు ఇవ్వండి. డాబా మీద గచ్చుకు, గోడకు నీళ్ల బకెట్, పాత పెయింట్ బ్రష్ ఇవ్వండి. ఎండలో వేసిన గీత అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనరు, మళ్లీ వేయొచ్చు. భయపడిన పిల్లలకు దీన్ని మించిన మందు నేను చూడలేదు. తడి ఇసుక కుప్ప ఎక్కడైనా దొరికితే పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాగి పిచ్చుకగూళ్లు కట్టడం నేర్పండి. గుజ్జనగూళ్లు ఆడనివ్వండి. ఆకులు అన్నం, ఇటుక పొడి కారం, బురద పప్పు. మన పాతకాలపు ఆటలు ఇవన్నీ బొమ్మలు చేయడమే, ఒక వస్తువును ఇంకో వస్తువుగా ఊహించడమే. పొలాల అమావాస్యకు మట్టి ఎద్దులు చేసే ఊళ్లలో పిల్లల చేతులు ఎంత చక్కగా తిరుగుతాయో నేను చూశాను. వినాయక చవితికి బజారు నుంచి విగ్రహం తెచ్చుకున్నా, ఒక ముద్ద బంకమట్టి వాడి చేతికి కూడా ఇవ్వండి. తొండం ఎటు తిరిగినా అదే పక్కన పెట్టి పూజ చేయండి.

ఇంట్లో మట్టి కుదరదంటే గోధుమపిండి ముద్ద చాలు. రెండు గ్లాసుల పిండికి ఒక గ్లాసు ఉప్పు, ఒక చెంచా నూనె, చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా వచ్చేలా నీళ్లు. ఉప్పు ఎక్కువ కాబట్టి తడి లేని డబ్బాలో పెడితే కొన్ని రోజులు పాడవదు. అదే ఉప్పు వల్ల నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకు ఇది ఇవ్వకూడదు, వాళ్లకు మామూలు చపాతీ పిండే ఇవ్వండి. దీనికి అచ్చులు కొనకండి. అచ్చుతో నొక్కితే చేప వస్తుంది, వేళ్లకు పనేమీ ఉండదు. నొక్కడం, లాగడం, పాములా పొడుగ్గా చుట్టడం, గోరుతో గీరడం, ఇవే రేపు పెన్సిల్ పట్టుకునే వేళ్లకు బలం.

రంగులు కూడా వంటింట్లోనే ఉన్నాయి. పసుపు నీళ్లలో కాస్త సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది, మన పారాణి అదే. సున్నం మాత్రం మీ చేత్తోనే వేయండి, పిల్లాడి చేతికి, కంటికి తగలకూడదు. శంఖపుష్పాలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, అందులో నిమ్మరసం పిండితే ఊదా వస్తుంది. మీవాడికి ఊదా ఇష్టం కదా, ఇది చూపించండి! బియ్యప్పిండి గుప్పెడు ఇచ్చి వాకిట్లో మీ పక్కన కూర్చోబెట్టండి. చుక్కలు కలిపే ముగ్గు వద్దు, అది కూడా మనం చెప్పిన దారే. వేళ్ల మధ్య నుంచి పిండి ఎలా జారుతుందో వాడినే చూసుకోనివ్వండి.

తిరిగి కాగితం దగ్గరికి వచ్చాక పెద్ద కాగితం వాడండి. పాత క్యాలెండర్ షీట్ల వెనకవైపు, విప్పిన అట్టపెట్టె. గోడకు వాడి ఎత్తులో అంటిస్తే ఇంకా మంచిది. నిలబడి గీస్తే భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ పనిచేస్తాయి. మీ గోడలు కూడా దక్కుతాయి.

వాడు ఏదైనా వేశాక మనం ఏమంటామన్నది చాలా ముఖ్యం. ‘ఇదేంటి?’ అని అడగకండి. ఒక్కోసారి అది ఏదీ కాదు, ఊరికే రంగు తిప్పడం. అడిగితే ఏదో ఒక పేరు చెప్పాలేమోనని పిల్లలు తడబడతారు. ‘సూపర్! ఎక్సలెంట్!’ కూడా వద్దు. కనిపించింది చెప్పండి: ‘ఇక్కడ బాగా గట్టిగా నొక్కావే’, ‘ఈ గీత ఆ చివరి దాకా వెళ్లింది’. వాడు చెప్పాలనుకుంటే ‘దీని గురించి చెప్తావా?’ అనండి. చెప్పినది వాడి మాటల్లోనే కాగితం వెనక రాసి తేదీ వేయండి.

మెచ్చుకోలు గురించి ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, 1973లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టపడే పిల్లలను తీసుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. వారం, రెండు వారాలు గడిచాక తరగతిలో స్కెచ్ పెన్నులు ఊరికే పెట్టి చూశారు. సర్టిఫికెట్ కోసం వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు వేశారు. అంతకుముందు ఇష్టంతో చేసినది, బహుమతి కోసం చేసే పని అయిపోయింది. అందుకే నవంబర్ 14కు పెట్టే డ్రాయింగ్ పోటీలకు నాలుగేళ్ల పిల్లలను పంపకండి. వెళ్లాల్సి వస్తే ఫస్ట్, సెకండ్ మాట ఇంట్లో ఎత్తకండి.

బడి సంగతి. ఆ టీచర్ మీద కోపం తెచ్చుకోకండి. నలభై మంది పిల్లలు, నిండిన పుస్తకాలు చూపించమనే తల్లిదండ్రులు, పైనుంచి సిలబస్. ఆమెతో విడిగా, మర్యాదగా మాట్లాడండి. 2022 అక్టోబర్‌లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు సంబంధించినదే. పిల్లలు తమ భావాలను కళల ద్వారా ఆనందంగా, అర్థవంతంగా చెప్పుకోగలగాలన్నది అందులో ఒక లక్ష్యం. అందుకని ‘వాడి కలరింగ్ షీటుకు కొన్నాళ్లు గుర్తులు పెట్టకండి, డైరీలో రాయకండి’ అని మీరు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. హోంవర్కుగా వచ్చిన షీటును వాడికి ఎలా నచ్చితే అలా అయిదు నిమిషాల్లో ముగించనివ్వండి. తరువాత దాన్ని వెనక్కి తిప్పండి. అటువైపు తెల్లగా ఉంటుంది.

‘బొమ్మలతో కాలం గడిపితే అక్షరాలు ఎప్పుడొస్తాయి’ అని మీ ఇంట్లో పెద్దవాళ్లు అనొచ్చు. వాళ్లకు ఇది చెప్పండి. పిల్లలు నిలువు గీతను చూసి గీయడం రెండేళ్ల దగ్గర, సున్నా మూడేళ్ల దగ్గర, కూడిక గుర్తు నాలుగేళ్ల దగ్గర, చతురస్రం నాలుగున్నర దాటాక, త్రిభుజం ఐదేళ్లకు వస్తాయి, కాస్త అటూ ఇటూగా. మన తెలుగు అక్షరాలన్నీ దాదాపు గుండ్రాలు, మలుపులే. సుడులు చుట్టీ చుట్టీ అలవాటైన చేతికి ర, ల, ఠ ఎంత తేలిగ్గా వస్తాయో నేను ఏటా చూస్తాను. గోడ మీద వాడు పోయినేడు చుట్టిన సున్నాలన్నీ రాత కోసం చేసిన సాధనే.

ఎడమ చేత్తో గీస్తుంటే మార్చకండి. పెద్దలు ఎంత చెప్పినా సరే. ఏ చెయ్యన్నది చాలామంది పిల్లల్లో ఈ వయసుకు ఖాయమైపోతుంది.

ఫోన్లో రంగులు నింపే ఆటల వల్ల ఈ విషయంలో లాభం లేదు. వేలితో తాకగానే రంగు నిండిపోతుంది, చెయ్యి పడే కష్టం ఏదీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది.

డాక్టర్‌కు చూపించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. కాగితానికి కళ్లు బాగా దగ్గరగా పెట్టి చూస్తున్నా, ఎప్పుడూ తల ఒకవైపే వంచి గీస్తున్నా ముందు కంటి పరీక్ష చేయించండి. నాలుగు దాటినా సున్నా చూసి గీయలేకపోతే, చెంచా పట్టుకోవడం లాంటి పనులు కూడా కష్టంగా ఉంటే, ముందు వచ్చిన పని ఇప్పుడు చేయలేకపోతుంటే పిల్లల డాక్టర్‌ను కలవండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగానే గుర్తించే డీఈఐసీ కేంద్రాలు పెట్టారు. అక్కడ ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుకు వీటిలో ఏదీ ఉన్నట్టు నాకు అనిపించలేదు.

డ్రాయింగ్ క్లాసు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇప్పుడు వద్దు. ఏడెనిమిదేళ్లకు పిల్లలే ‘ఇది నిజంగా ఉన్నట్టు రావడం లేదు, ఎలా వేయాలి?’ అని అడుగుతారు. అప్పుడు నేర్పేవాళ్లు దొరికితే ఎంతో మేలు. చేర్చేముందు ఆ క్లాసు గోడలు చూడండి. ఇరవై మంది పిల్లల ఇరవై నెమళ్లూ ఒకేలా ఉంటే వెనక్కి వచ్చేయండి. ప్రతి నెమలీ వేరేగా, కొన్ని వంకరగా, ఒకటి నెమలి అని పోల్చుకోవడానికే వీల్లేకుండా ఉంటే ఆ టీచర్ పేరు అడిగి రాసుకోండి.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారేమో. మా దగ్గర ‘నాకు రాదు’ అన్న పిల్లలు చాలామంది ఆరేడు వారాల్లో మళ్లీ మొదలుపెట్టారు. కొందరికి ఆరునెలలు పట్టింది. మొదలయ్యేది కూడా మన కళ్ల ముందు కాదు. మీరు కూర తరుగుతుంటే వాడు వెనక ఎక్కడో నేల మీద బోర్లా పడుకుని, తనలో తాను ఏదో మాట్లాడుకుంటూ గీస్తుంటాడు. ఆ మాటలు మీకు వినిపిస్తాయి. అప్పుడు వెళ్లి చూడకండి, ఫోన్ తీయకండి. మీ పని మీరు చేసుకోండి. చూపించాలనిపిస్తే వాడే తెస్తాడు.